రందితోని పోయిన నిద్ర, బుగులుతోని రాని నిద్ర

మనిషి పోయిన ఇంట్ల దినాలు అయిపోతయి. పదకొండో నాడు భోజనాలు పెట్టినంక చుట్టాలు ఒక్కొక్కరే సంచులు సర్దుకొని దేవరకొండ బస్సో కల్వకుర్తి బస్సో ఎక్కిపోతరు. అప్పటిదాంక పది మంది నడుమ చాప మీద ఒరిగి ఎంతో కొంత కునుకు తీసిన మనిషికి, ఇల్లు ఖాళీ అయిన రాత్రి నుంచి అసలు తిప్పలు మొదలైతయి. ఫ్యాను తిరుగుతుంటది. ఫోను నొక్కి చూస్తే 2:40. మళ్ల చూస్తే 3:15. "ఇంకో రెండు గంటలల్ల తెల్లారుతది, నేనింకా పండలే" అని లెక్క మొదలైతది. ఆ లెక్కల పడ్డంక ఇగ కన్ను మూతపడదు.

మనిషి పోయినప్పుడొక్కటే ఇట్ల కాదు. ఆరు వందల ఫీట్లు దింపిన బోరు దుమ్ము కక్కినా, బిడ్డ అత్తగారింటి నుంచి బట్టల సంచితోని తిరిగొచ్చినా, అన్నదమ్ముల భూమి కోర్టుకెక్కినా, ఉన్న నౌకరి ఊడినా, ముందుగాల పోయేది నిద్రనే. మన దిక్కు దీనికి రెండు మాటలున్నయి. ఒకటి రంది. జరిగినదాని మీదికే మనసు గుంజుకపోవుడు. రెండోది బుగులు. జరగబోయేదాని భయం. మొదటి పది, ఇరవై రాత్రులు నిద్రను చెడగొట్టేది రంది. అది సహజం. దెబ్బ తగిలిన దేహం కాపలా కాస్తది, కాపలా కాసేటోడు పండుకోడు. చానమందికి కొన్ని వారాలల్ల అది దానంతటదే సర్దుకుంటది. సర్దుకోని వాళ్ల దగ్గర చూస్తే, రంది సగం తగ్గి ఉంటది, దాని జాగల బుగులు వచ్చి కూసుంటది. పొద్దుమూకుతుంటేనే "ఇయ్యాల కూడా పట్టదేమో" అని కడుపుల గుబగుబ. అప్పుడు నిద్రను ఆపుతున్నది పోయిన మనిషి కాదు, ఎండిన బోరు కాదు. నిద్ర రాదనే భయమే నిద్రను ఆపుతున్నది.

ఈ తేడా తెలిస్తే సగం దారి దొరికినట్టే, ఎందుకంటే రెంటికీ చేసే పని ఒకటి కాదు. రందికి మనుషులు కావాలె, మాట కావాలె, కాలం కావాలె. బుగులుకు మాత్రం పద్ధతి ఉన్నది. సీబీటీ-ఐ అంటరు దాన్ని, అంటే ఆలోచనలు, అలవాట్లు మార్చి నిద్రను దారికి తెచ్చే చికిత్స. నిద్రలేమికి మందుల కన్న ముందు దాన్నే మొదలుపెట్టాలని అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2016ల చెప్పింది, ఐరోపా నిపుణులు 2017ల అదే చెప్పిండ్రు. పెద్ద ఖర్చు లేదు. ఒక నోటుబుక్కు, ఒక అలారం, ఆరు నుంచి ఎనిమిది వారాల ఓపిక. మన ఊర్లల్ల దీని సంగతి చెప్పేటోళ్లే తక్కువ. దవాఖానకు పోతే గోలి రాసిస్తరు, ఇంటికొస్తే "పాలు తాగి పండుకో" అంటరు.

నిద్ర ఎట్ల వస్తదో ముందు తెలుసుకోవాలె. మెలకువతోని ఉన్నంతసేపు మెదడుల అడెనోసిన్ అనే పదార్థం కూడుతుంటది. అది నిద్రకు ఆకలి. పొద్దుగాల నుంచి ఎన్ని గంటలు మేల్కొని ఉంటే ఆకలి అంత పెరుగుతది. రెండోది లోపలి గడియారం. పొద్దటి వెలుతురు కండ్లల్ల పడుడుతోని దానికి చావి తిరుగుతది. మూడోది కాపలా. గుండె దడ, ఒళ్లు బిగుసుకపోవుడు, చిన్న చప్పుడుకు ఉలిక్కిపడుడు ఇవన్నీ దాని గుర్తులు. ఆకలి మస్తుగ ఉండి, గడియారం సరిగ నడిచి, కాపలా సడలితే నిద్ర వస్తది. తెప్పిస్తే రాదు.

మరి నిద్ర పోయిన మనిషి ఏం చేస్తడు? రాత్రి పట్టలేదని పొద్దుగాల ఎనిమిదింటిదాంక మంచంలనే ఉంటడు. పగటీలి బువ్వ తిని రెండు గంటలు ఒరుగుతడు. రాత్రి "జర ముందుగాల పండుకుంటే ఎప్పుడో ఒకప్పుడు పడుతది" అని ఎనిమిదిన్నరకే పక్క ఎక్కుతడు. మూడూ నిద్రాకలిని చంపేవే. పెండ్లి భోజనానికి పోయేటోడు ఇంట్లనే కడుపునిండ తిన్నట్టు. ఇంట్లోళ్లు కూడా ప్రేమతోని అదే చెప్తరు, "పాపం రాత్రంత పండలే, లేపకుండ్రి" అని. ఆ ప్రేమకు దండం పెట్టాలె, కని లేపాలె.

ఇంకో మాట గుర్తుపెట్టుకోండ్రి. గాఢ నిద్ర ఎక్కువ పాలు రాత్రి మొదటి మూడో వంతులనే వస్తది. తర్వాత నిద్ర పలుచబడుతది, కలలు పెరుగుతయి, నడుమ నడుమ మెలకువ అందరికీ వస్తది. మంచిగ నిద్రపోయేటోళ్లకు కూడా వస్తది, వాళ్లకు యాదుండదు అంతే. పదకొండింటికి పండుకొని 2:40కి లేసిన మనిషికి ఆ రాత్రి గాఢ నిద్ర చానవరకు అయిపోయినట్టే. మెలకువ రాంగనే "అయిపాయె, ఇయ్యాల కూడా పాయె" అనుకుంటే మాత్రం ఆ పలుచటి మెలకువ రెండు గంటలు సాగుతది.

నల్లగొండ దిక్కు చెర్వుగట్టు గుడి కాడ అమాస నాడు నిద్ర చేసేటోళ్లను చూసిండ్రా? ఇంట్ల పరుపు మీద, మెత్త మీద కన్ను మూయనోళ్లు అక్కడ జనంల, మైకుల మోతల, బండ మీద చెద్దరు పరుచుకొని గురక పెడుతరు. బస్సుల కిటికీకి తలానిస్తే నిద్ర వచ్చి స్టేజీ దాటిపోయేటోళ్లున్నరు. సోఫాల టీవీ చూస్తుంటే కండ్లు మూతలు పడుతయి, లేసి మంచం మీదికి పోంగనే దీపం ముట్టిచ్చినట్టు మెలకువ వస్తది. దేవుని మహిమ దేవునిదే, దాని జోలికి నేను పోను. కని బస్సుకు ఏ మహిమ ఉన్నది? ఆ జాగలల్ల నిద్ర కోసం ఎవ్వరూ కొట్లాడరు. ఇంట్ల మంచం మీద నెలల సంది కొట్లాట నడుస్తున్నది. మంచం అంటే తండ్లాట అని దేహం నేర్చుకున్నది. నేర్చుకున్నదాన్ని మరిపించుడే మొదటి పని. అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త రిచర్డ్ బూట్జిన్ 1972ల చెప్పిన పద్ధతి ఇది, ఇప్పటికీ దీన్ని మించినవి తక్కువ.

ఎట్ల చేయాలె అంటే, నిద్ర వచ్చినప్పుడే మంచమెక్కాలె. అలసట వేరు, నిద్ర వేరు. ఒళ్లు నొచ్చుడు, తల బరువు అలసట. కండ్లు వాలుడు, చదివిన లైనే మళ్ల చదువుడు, తల ముందుకు తూగుడు నిద్ర. రెండోది వస్తేనే పక్క మీదికి పోవాలె. పోయినంక పదిహేను, ఇరవై నిమిషాలైనా పట్టకపోతే లేవాలె. గడియారం చూసి కాదు, అందాజుగ. "కొట్లాట మొదలైంది" అనిపించంగనే లేవాలె. మళ్ల కండ్లు వాలినప్పుడే తిరిగి రావాలె. రాత్రికి ఐదు సార్లు లేవాల్సి వస్తే ఐదు సార్లూ లేవాలె. పొద్దుగాల మాత్రం ఎంత పండినా, ఎంత పండకున్నా, ఒక్కటే టైముకు లేవాలె. మంచం మీద అన్నం, ఫోను, లెక్కలు, లొల్లి ఏవీ పెట్టుకోవద్దు.

లేసి యాడికి పోవాలె? పుస్తకాలల్ల "వేరే గదికి" అని రాస్తరు. రెండు రేకుల గదులల్ల ఆరుగురు పండే ఇంట్ల వేరే గది యాడిది? గది మారకున్నా మంచం దిగితే చాలు. గోడకు ఒక కుర్చీనో, కిందొక చాపనో సాయంత్రమే వేసిపెట్టుకోండ్రి. పక్కనే చిన్న బల్బు, తాగే నీళ్లు, చలికాలమైతే ఒక గొంగడి. చేతికి పని కూడా అప్పుడే తీసి పెట్టాలె, నడిజామున వెతికితే చప్పుడుకు అందరూ లేస్తరు. చింతపండుల గింజలు తీసుడు, కందిపప్పుల రాళ్లేరుడు, ఉతికిన బట్టలు మడత పెట్టుడు, చదివిన పత్రికనే మళ్ల చదువుడు, జపమాల తిప్పుడు. చేతికి పని ఉండాలె, మనసుకు ఉండొద్దు. ఫోను మాత్రం వద్దు. దాని వెలుతురు కన్న దాంట్ల వచ్చే సంగతులు ఎక్కువ మెలకువ తెస్తయి. వాకిట్లకు పోతే టార్చి పట్టుకోండ్రి, వానాకాలం రాత్రి చీకట్ల తిరుగుడు మంచిది కాదు.

దీంట్ల అందరూ చేసే తప్పు ఒకటున్నది. లేసి కూసొని "ఇప్పుడు నిద్ర వస్తుందా, వస్తుందా" అని చూసుడు. అది మంచం మార్చి చేసే అదే కొట్లాట. కూసున్నది నిద్ర తెచ్చుకునుటానికి కాదు. ఎట్లాగూ మెలకువ ఉన్నది కాబట్టి చింతపండు పని అయితది, అంతే. ఆ మాట మనస్ఫూర్తిగ ఒప్పుకున్న రాత్రి కండ్లు తొందరగ వాలుతయి. పండుకున్నప్పుడు కూడా కావాలని కండ్లు తెరిచి "ఇంకా కొద్దిసేపు మెలకువతోనే ఉంట" అనుకొని చూడుమంటరు నిపుణులు. నిద్ర కోసం చేసే జబర్దస్తి ఆగంగనే బుగులు సడలుతది.

ఇప్పుడు అన్నిటికన్న బలమైన పని. కష్టమైనది కూడా ఇదే, అందుకే వివరంగ చెప్తున్న. నిద్ర మీద పరిశోధన చేసిన ఆర్థర్ స్పీల్మన్, ఆయన తోటివాళ్లు 1987ల పెట్టిన పద్ధతి. మంచం మీద ఉండే టైమును కోసి తక్కువ చేసుడు. నిద్ర చాలక చస్తుంటే ఇంకా తక్కువ చేయుమంటరా అని అందరూ అడుగుతరు. చిన్న మడి పారేటన్ని నీళ్లను ఎకరం మీదికి ఇడిస్తే యాడా తడవదు. ముందు గట్లేసి చిన్న మడిల నిండ పారిచ్చి, నీళ్లు పెరిగినకొద్ది మడి పెంచుకోవాలె. ఇది కూడా అంతే.

మొదటి వారం ఏమీ మార్చకుండ రాసుకునుడే. నలభై పేజీల బడి నోటుబుక్కు చాలు. పొద్దుగాల లేసినంక, రాత్రి పూట కాదు, అందాజుగ రాయాలె: ఎన్నింటికి మంచమెక్కిన, ఎంతసేపటికి పట్టింది, నడుమ మొత్తం ఎంతసేపు మెలకువున్న, ఆఖరు మెలకువ ఎన్నింటికి, మంచం దిగింది ఎన్నింటికి. పక్కన పగటి నిద్ర, చాయ్‌లు, గోలీలు, కల్లు. అందాజు తప్పితే తప్పని, గడియారం మాత్రం చూడొద్దు. గోడ గడియారాన్ని ఇంకో గదిల తగిలియ్యండ్రి, ఫోనును అలారం పెట్టి బోర్ల పండబెట్టుండ్రి.

ఒక లెక్క చూద్దాం. రాత్రి 9కి మంచమెక్కి పొద్దుగాల 6కి దిగే మనిషి. మంచం మీద 9 గంటలు, అంటే 540 నిమిషాలు. వారం సగటు తీస్తే పండింది 5 గంటల 15 నిమిషాలు, అంటే 315. 315ను 540తోని భాగిస్తే 58 శాతం. మంచం మీద ఉన్న దాంట్ల నలభై పాళ్లకు పైన తండ్లాటనే. ఇప్పుడు పండే సగటుకు ఇంకో పావుగంట కలిపితే ఐదున్నర గంటలు. ఎవ్వరికైనా 5 గంటల కన్న తక్కువ పెట్టొద్దు. లేసే టైము ముందు ఖాయం చేయాలె. పాలు పిండేటోళ్లకు 5 గంటలు అనుకుందాం. వెనక్కి లెక్కిస్తే రాత్రి 11:30. అంటే 11:30 లోపల మంచమెక్కొద్దు, 5 తర్వాత మంచం మీద ఉండొద్దు. ఆదివారమైనా, పండుగైనా.

వారం తర్వాత మళ్ల లెక్క. 330 నిమిషాలల్ల 295 పండితే 89 శాతం. 85 దాటితే పావుగంట పెంచుండ్రి, 11:15కు పండుకోవచ్చు. 80కీ 85కీ నడుమ ఉంటే అట్లనే ఇంకో వారం. 80 కన్న తక్కువైతే పావుగంట తగ్గించుండ్రి, కని 5 గంటల హద్దు దాటొద్దు. ఇట్ల వారం వారం పావుగంట పెంచుకుంట పోతే ఒక జాగల ఆగుతది. పగటీలి మంచిగ ఉండి, ఇంక పెంచితే మళ్ల మెలకువ మొదలైతుందంటే, మీ దేహానికి కావల్సిన నిద్ర అంతే. అది ఆరున్నర గంటలు కావచ్చు, ఏడున్నర కావచ్చు. ఎనిమిది అందరికీ రాసిపెట్టిన లెక్క కాదు.

నాలుగో రోజు నుంచి పదో రోజు దాంక ఘోరంగ ఉంటది, ఇది ముందే తెలిసి ఉండాలె. పగటీలి కండ్లు మండుతయి, చిరాకు లేస్తది, సాయంత్రం ఏడింటికే తల వాలుతది. చానమంది ఇక్కడనే ఇడిసిపెడుతరు. నిజానికి ఆ తల వాలుడే మందు పని చేస్తుందన్న గుర్తు, ఆకలి కూడుతున్నది. ఎక్కువ జారిపోయేది రాత్రి ఎనిమిదిన్నర, తొమ్మిది నడుమ. సీరియల్ చూసుకుంట గోడకు ఒరిగి పావుగంట కునుకు తీస్తే ఆ రాత్రి పని చెడిపోతది. ఆ టైముకు కూసోకుండ్రి. గిన్నెలు తోముడు, రేపటి కూరగాయలు కోసుడు, వాకిట్ల నాలుగడుగులు నడుసుడు పెట్టుకోండ్రి. పగటీలి ఓర్వలేకపోతే మధ్యాహ్నం మూడింటి లోపల, అలారం పెట్టుకొని ఇరవై నిమిషాలు. అంతకు మించొద్దు.

ఎవరు చేయొద్దో కూడా చెప్పాలె. ఫిట్స్ ఉన్నోళ్లు, బైపోలార్ జబ్బు (ఉద్రేకం, కుంగుబాటు మార్చి మార్చి వచ్చే జబ్బు) ఉన్నోళ్లు, గురక నడుమ ఊపిరి ఆగేటోళ్లు, గర్భిణులు, రాత్రి లేస్తే తూలిపడే ముసలోళ్లు డాక్టరు లేకుండ దీని జోలికి పోవద్దు. నిద్ర తక్కువైతే ఫిట్స్ రావచ్చు, బైపోలార్ల ఉద్రేకం లేవచ్చు. లారీ, ట్రాక్టరు, వరికోత మిషను నడిపేటోళ్లు, గడ్డి కోసే మిషనుల చెయ్యి పెట్టేటోళ్లు పని లేని దినాలల్ల మొదలుపెట్టాలె, గంటలు కూడా మెల్లమెల్లగ తగ్గించాలె. 65వ నంబరు రోడ్డు మీద, 44వ నంబరు రోడ్డు మీద ఒక్క కునుకుకు ఎంత కథ అయితదో మన జిల్లాలోళ్లకు చెప్పనక్కర లేదు.

ఇక రంది సంగతి. దాన్ని మంచం మీదికి తీసుకపోకుండ, పొద్దుండంగనే దానికొక జాగ ఇయ్యాలె. సాయంత్రం ఆరింటికి ఇరవై నిమిషాలు. పేజీ నడుమ గీత గీసి ఎడమ పక్క రంది, కుడి పక్క రేపు చేసే ఒక్క పని. "బోరు అప్పు 1,80,000" అని ఎడమ రాస్తే, కుడి పక్క "తీరుస్త" అని రాయొద్దు, దానితోని మనసు ఊకోదు. "రేపు 10 గంటలకు పోయి ఇప్పటిదాంక వడ్డీ ఎంతయిందో కాయితం మీద రాయించుకొస్త" అని రాయాలె. చిన్నగ, టైముతోని, చేయగలిగింది. రాత్రి అదే రంది మళ్ల వస్తే "రాసిపెట్టిన, రేపు 10కి ఉన్నది" అనొచ్చు.

కుడి పక్క ఏమీ రాయలేని రందులుంటయి. "నాయనను ఒక్కరోజు ముందు దవాఖానకు తీసుకపోతే బతుకునేమో." దాని ఎదురుగ ఖాళీ ఇడవాలె. అది పని కాదు, దుఃఖం. దానికి మనిషి కావాలె. అక్కనో, చిన్నమ్మనో, దోస్తునో పగటి పూట దగ్గర కూసోబెట్టుకొని ఆ మాట బయటికి చెప్పాలె, ఏడుపొస్తే ఏడ్వాలె. పోయినోళ్ల ఇంటోళ్లను చుట్టాలు తీసుకపోయి నిద్ర చేపిచ్చే రివాజు మనకున్నది. దాన్ని మొక్కుబడిగ ఒక్క రాత్రితోని ముగియ్యకుండ, ఆ మనిషితోని మాట్లాడిచ్చే రాత్రి చేయుండ్రి. యాక్సిడెంటు లాంటిది చూసినోళ్లకు అదే పీడకల మళ్లమళ్ల వస్తుంటే, పగటీలి ఆ కలను రాసి, ఆఖరు మార్చి, మార్చినదాన్నే రోజూ పది నిమిషాలు మనసుల తిప్పుకునే పద్ధతి ఉన్నది. అది ఒక్కరే చేసుకోకుండ కౌన్సిలరు దగ్గర నేర్చుకునుడు మంచిది.

బుగులుకు దేహం దిక్కు నుంచి కూడా దారి ఉన్నది. ముక్కుతోని నాలుగు లెక్కపెట్టుకుంట పీల్చి, ఆరు లెక్కపెట్టుకుంట మెల్లగ ఇడుసుడు, పది నిమిషాలు. ఇడిసేది పొడుగైతే గుండె దడ తగ్గుతది. మొదటి రెండు వారాలు పగటీలి చేయుండ్రి, దేహం నేర్చుకోవాలె. నడిజామున బుగులు లేసినంక మొదటిసారి చేస్తే "ఇదీ పని చేయలే" అనే కొత్త బుగులు వస్తది. "రేపు పని చేయలేను" అనే మాటకు మీ నోటుబుక్కే జవాబు చెప్తది. ఘోరంగ పండిన రాత్రి తెల్లారి ఏమేం చేసిండ్రో రాసి పెట్టుకోండ్రి, వంట అయి ఉంటది, పొలానికి పోయి ఉంటరు. ఇంకోటి, బుగులు ఉన్నోళ్లకు పండిన నిద్ర కూడా పండనట్టే తోస్తది. రాత్రంత గురక పెట్టినవంటది భార్య, కన్ను మూయలేదంటడు ఆయన. ఇద్దరూ అబద్ధం ఆడుత లేరు. పలుచటి నిద్రల మెదడు సగం కాపలా కాస్తనే ఉంటది, ఆ కాపలానే ఆయనకు యాదుంటది.

చాయ్ మధ్యాహ్నం రెండింటి తర్వాత వద్దు. తాగిన కెఫీన్‌ల సగం దిగేటందుకే ఐదు గంటల దాంక పడుతది, అది అడెనోసిన్‌ను అడ్డుకుంటది. సావుకాడికొచ్చినోళ్లకు పోసుకుంట తానూ పది చాయ్‌లు తాగిన అలవాటు దినాల తర్వాత కూడా సాగుతది, చూసుకోండ్రి. పొద్దుగాల లేవంగనే ఇరవై, ముప్పై నిమిషాలు ఆరుబయట ఉండుండ్రి. ఎండకాలం మిద్దె స్లాబు పొద్దంత కాగి నడిరాత్రి దాంక సెగ కక్కుతది. దేహం చల్లబడితేనే నిద్ర దిగుతది కాబట్టి సాయంత్రం స్లాబు మీద నీళ్లు చల్లి, దోమతెర కట్టుకొని పైననే పండుకునుడు మేలు. కని వేరే ఏమీ మార్చకుండ ఈ చాయ్, వెలుతురు, చల్లదనం ఒక్కటే చూసుకుంటే పాత నిద్రలేమి పోదు.

కల్లు గురించి మాత్రం గట్టిగ చెప్పాలె, ఎందుకంటే పాలమూరు, నల్లగొండ దిక్కు నిద్ర పోయినోళ్లకు ముందుగాల ఇచ్చే సలహా ఇదే. ఏ మత్తయినా మొదటి సగం రాత్రి పండబెడుతది, దిగంగనే రెండో సగం లేపుతది. దానికి తోడు చెట్టు మీది నుంచి దిగిన కల్లు వేరు, దుకాణంల సీసాల పోసే కల్లు వేరు. కల్తీ కల్లుల క్లోరల్ హైడ్రేట్, డైజెపామ్, ఆల్ప్రాజోలామ్ అనే మత్తుమందులు కలుపుడు మన దగ్గర ఏండ్ల సంది పట్టుబడుతున్న సంగతే. అంటే రోజూ రెండు సీసాలు తాగే మనిషి తనకు తెలియకుండనే లెక్క లేని నిద్రగోలీలు మింగుతున్నడు. ఒక్కసారి బంద్ చేస్తే చేతులు వణుకుతయి, నిద్ర పూర్తిగ పోతది, పిచ్చి పిచ్చిగ మాట్లాడుతరు, ఫిట్స్ వస్తయి. అది గాలి సోకుడు కాదు, మంచానికి కట్టేసి ఊకోవద్దు. సర్కారు దవాఖానకు తీసుకపోయి "రోజూ కల్లు తాగుతడు, ఇన్ని దినాల కింద బంద్ చేసిండు" అని డాక్టరుకు స్పష్టంగ చెప్పాలె.

గోలీలది కూడా అదే తొవ్వ. ఆల్ప్రాజోలామ్, జోల్పిడెమ్ లాంటివి సర్కారు షెడ్యూల్ హెచ్1 అనే జాబితల పెట్టిన మందులు. చీటీ లేకుండ అమ్మొద్దు, అమ్మినదాన్ని రిజిస్టరుల రాయాలె. పక్కింటోళ్ల షీటుల మిగిలిన గోలి తెచ్చి మింగుడు అసలే వద్దు, కల్లు మీదనో మందు మీదనో మింగితే ఊపిరి ఆగే ప్రమాదం. డాక్టరు కొద్ది దినాలకు, రెండు నుంచి నాలుగు వారాల లోపల ఇస్తే దాని పని దానికున్నది. సావు జరిగిన వారంల అది ఒక ఆసరా. నెలల కొద్ది వాడినోళ్లు మాత్రం ఈ రాత చదివి రేపే బంద్ చేయకుండ్రి. రాసిచ్చిన డాక్టరుతోనే మెల్లమెల్లగ తగ్గించుకోవాలె.

వారానికి మూడు రాత్రులు, మూడు నెలలు దాటితే దీన్ని దీర్ఘకాల నిద్రలేమి అంటరు. కని కొన్నిటికి మూడు నెలలు ఆగొద్దు. గురక నడుమ ఊపిరి ఆగి ఉలిక్కిపడి లేసుడు, రాత్రి కాళ్లు జివ్వుమని కదపకుండ ఉండలేకపోవుడు (దీనికి చానసార్లు రక్తంల ఇనుము తక్కువుండుడు కారణం), థైరాయిడ్, షుగరుతోని రాత్రి నాలుగైదు సార్లు ఒంటికి లేసుడు, మర్రిగూడ దిక్కు నీళ్లల్ల ఫ్లోరైడుతోని వచ్చే ఎముకల నొప్పులు, వీటికి ముందు ఆ జబ్బు చూపించుకోవాలె. రోజూ మూడింటికే మెలకువ వచ్చి, ఏ పని మీద మనసు లేక, అన్నం సయించక రెండు వారాలు గడిస్తే అది కుంగుబాటు కావచ్చు. "నేనుండి ఏం లాభం" అనే మాట నోట్ల నుంచి వచ్చిందంటే ఆ మనిషిని ఒంటరిగ ఇడవొద్దు. ఇంట్ల, కొట్టంల ఉన్న పురుగుల మందు డబ్బాలు అదే పూట తీసి, తాళం పడే వేరే ఇంట్ల పెట్టుండ్రి. మనసు బాగలేనోళ్ల కోసం సర్కారు పెట్టిన టెలీ మానస్ నంబరు 14416కు ఫోను చేస్తే ఏ గంటకైనా, పైసలు లేకుండ, తెలుగులనే మాట్లాడుతరు. 2022 అక్టోబర్ నుంచి నడుస్తున్నది. నల్లగొండ, మహబూబ్‌నగర్ సర్కారు పెద్ద దవాఖానలల్ల మానసిక డాక్టర్లకు చూపించుకోవచ్చు, ఇంకా అవసరమైతే హైదరాబాద్‌ల ఎర్రగడ్డ మానసిక దవాఖాన ఉన్నది.

ఇంట్లోళ్లకు ఒక్క మాట. పొద్దుగాల లేవంగనే "రాత్రి నిద్ర పట్టిందా?" అని రోజూ అడుగకుండ్రి. ప్రేమతోనే అడుగుతరు, కని ఆ మనిషికి అది పరీక్ష ఫలితం అడిగినట్టుంటది, సాయంత్రం నుంచే జవాబు కోసం బుగులు మొదలైతది. మీరు చేయగలిగిన సాయం వేరే ఉన్నది. ఖాయం చేసుకున్న టైముకు లేపుండ్రి, రాత్రి తొమ్మిదింటికి పక్కన కూసొని మాట్లాడుకుంట మెలకువ ఉంచుండ్రి, నడిజామున కుర్చీల కూసొని కనిపిస్తే "ఇంకా పండలేదా" అనకుండ పక్కకు తిరిగి పండుకోండ్రి.

నిద్ర సర్దుకున్నంక కూడా మళ్ల పోయే దినాలొస్తయి. మాసికం నాడు, సంవత్సరీకం దగ్గర పడంగ, కోర్టు వాయిదాకు ముందు, బాకీ కట్టే గడువు వచ్చినప్పుడు. రెండు, మూడు రాత్రులు చెడిపోతే అది రందే, దాన్ని ఏమీ చేయనక్కర లేదు. నాలుగో నాటికి కూడా సర్దుకోకపోతే పాత నోటుబుక్కు తీసి, కిందటిసారి పని చేసిన గంటలకు ఒక వారం తిరిగి పోండ్రి. ఆ వారం పగటి పడక పెట్టుకోకుండ్రి, ఎనిమిదిన్నరకు మంచమెక్కకుండ్రి.